చెరువు లైను మీద వేడినీళ్ళు

సంబంధిత అధికారులకు (వారు ఏ శాఖకు చెందినవారో, అసలు ఉన్నారో లేదో తెలియదు కనుక పేరు రాయలేదు) సవినయంగా విన్నవించుకునేది ఏమనగా: ఇందుకూరుపేట మండలంలో, మైపాడు రోడ్డుకు తూర్పున, మూడువైపులా రొయ్యల చెరువులూ నాలుగోవైపు ఆదిశేషమ్మ గారి ఇల్లూ సరిహద్దులుగా గల నా స్వగృహంలో, స్నానాలగది గోడకు వేలాడుతున్న గీజరు విషయమై ఏర్పడిన పరిస్థితులను ఈ పుస్తకంలో నమోదు చేయదలిచాను. ఎవరి కోసమన్న ప్రశ్న ఉదయించవచ్చు. ఎవరి కోసమూ కాదు. నెల్లూరు కళాశాలలో ఏళ్ళ తరబడి పరిపాలనా శాస్త్రం బోధించినవాడికి, కాగితం మీదికి ఎక్కని సంగతి జరగనట్టే అనిపించే జబ్బు ఒకటి పట్టుకుంటుంది. ఈ పుస్తకాన్ని మీలో ఎవరూ చదవరన్న నమ్మకంతోనే ఇందులో నిజాలు రాయబడతాయి. ఆ నమ్మకం వమ్మైన పక్షంలో వాటిని అభిప్రాయాలుగా పరిగణించవలసిందిగా ప్రార్థన.

నవంబరు 3

గీజరు స్విచ్ వేసిన ప్రతిసారీ బోర్డులోని ట్రిప్పర్ పడిపోతోంది. ఇల్లంతా చీకటవుతోంది. ట్రిప్పర్‌ను పైకి ఎత్తితే ఇంటికి కరెంటు వస్తుంది, గీజరు వేస్తే మళ్ళీ పోతుంది. వెలుతురు, వేడినీళ్ళు అనే రెండు సౌకర్యాలలో ఒకదాన్ని మాత్రమే ఎంచుకునే స్వేచ్ఛ ఈ గృహంలో ప్రస్తుతం అమలులో ఉంది.

నా భార్య ఉషారాణి పక్క ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఉదయం ఆటో వచ్చేలోపు ఆమె స్నానం ముగియాలి. తుఫాను ముసురు పట్టినప్పటి నుంచి బోరు నీళ్ళు చన్నీళ్ళుగా పోసుకోవడం ఆమెకు పడడం లేదు. గ్యాస్ మీద తపేలా పెట్టుకుంటోంది.

"ఏమండీ, ట్రిప్పర్ ఊరికే పడదు. గీజర్లో ఏదో చెడింది," అంది తపేలా దించుతూ.

పరిశీలన ప్రారంభిస్తానని హామీ ఇచ్చాను.

"పరిశీలన మీరు తీరిగ్గా చేసుకోండి. ముందు ఎవురినన్నా పిలవండి."

చెరువులు వచ్చాక మా బోరు నీళ్ళు ఉప్పుబారిన మాట వాస్తవం. సబ్బు నురగ రాదు. ఇత్తడి కుళాయిలు పచ్చబడ్డాయి. గీజరును ఏటేటా విప్పించి శుభ్రం చేయించాలని దానితో వచ్చిన పుస్తకంలో ఉన్నట్టు ఉషారాణి అంటుంది. ఆ పుస్తకం భద్రంగా ఉంది. నేను దాని అట్ట కూడా విప్పలేదు.

నవంబరు 5

ఉషారాణి తమ్ముడు నరేంద్రబాబు సమస్యను తన చేతుల్లోకి తీసుకున్నాడు. మా ఇంటి వెనక చెరువులు అతనివే. అతని వెంట పెంచలకృష్ణ వచ్చాడు. ఇతడు వృత్తిరీత్యా ఏరేటర్ల మెకానిక్, అంటే చెరువులో రొయ్యలకు గాలి ఆడడానికి రెక్కలతో నీళ్ళు చిలికే మోటార్లను బాగుచేసేవాడు. ఈ ప్రాంతంలో ఫ్యానుకైనా మిక్సీకైనా అతడే దిక్కు. మోటారు లేని వస్తువును బాగుచేయడం అతనికి కొత్త అయినప్పటికీ, ఆ సంకోచం ముఖంలో కనిపించలేదు.

గీజరు వైపు తలెత్తి చూశాడు. విప్పలేదు. బోర్డు వైపు నడిచాడు.

"సార్, గీజరుకేం కాలా. తంటా అంతా ఈ ట్రిప్పర్‌తోనే."

"ట్రిప్పర్ పడుతోందంటే ఎక్కడో లోపం ఉండాలి కదా?" అన్నాను.

"ట్రిప్పర్ ఉండాది కాబట్టి పడతా ఉండాది సార్. లేకపోతే ఎట్ట పడతది?"

నరేంద్రబాబు నవ్వాడు. "మా చెరువుల కాడ ఒక్కదానికీ ట్రిప్పర్ పెట్టనీడు బావా ఈయన. పొద్దుగూకినాక అది పడిందనుకో, ఏరేటర్లు ఆగిపోతాయి. తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలతాయి. మా కాడ అంతా డైరెక్టే."

ఈ వాదనలో బలం ఉంది. రొయ్యకు గాలి ఆగకూడదు. ఈ తీరంలో కరెంటు ఆగడమే ప్రమాదం, సాగడం క్షేమం. ఆ సూత్రం మీదనే ఇన్ని కుటుంబాలు బతుకుతున్నాయి. అది స్నానాలగదికి వర్తిస్తుందా అన్న విషయం అప్పుడు చర్చకు రాలేదు.

పెంచలకృష్ణ గీజరును ఇంటి బోర్డు నుంచి తప్పించి, ప్రహరీగోడ మీదుగా తీగ లాగి, చెరువుగట్టు మీది ఏరేటర్ల బోర్డుకు కలిపేశాడు. చెరువు లైనుకు జనరేటర్ కూడా ఉంది. ఊరంతా కరెంటు పోయినా మా గీజరుకు పోదు. చెరువు పేరున ఇచ్చిన కరెంటును ఇంటికి వాడుకోవడం నిబంధనలకు విరుద్ధమని నాకు తెలుసు. ఈ అంశం మీద నేను ప్రశ్నపత్రాలు తయారుచేసి ఉన్నాను.

"ఎర్తు?" అని అడిగింది ఉషారాణి వంటింటి గుమ్మంలోంచి.

"ఎర్తు దేనికమ్మా, ఇదేమన్నా మోటారా," అన్నాడు పెంచలకృష్ణ.

నవంబరు 6

వేడినీళ్ళు వచ్చినవి. దీపాలు ఆరలేదు. నరేంద్రబాబుకు కృతజ్ఞతలు తెలియజేయడమైనది.

నవంబరు 9

ఉదయం ఉషారాణి తడి జుట్టుతో వరండాలోకి వచ్చింది. "కుళాయి పట్టుకుంటే జివ్వుమంటా ఉందండీ."

వెంటనే స్థలపరిశీలన జరిపాను. కుళాయిని కుడిచేత్తోనూ ఎడమచేత్తోనూ పట్టుకున్నాను. షవరు గొట్టాన్ని తాకాను. ఎలాంటి జివ్వుమనడమూ అనుభవంలోకి రాలేదు. ఆ మేరకు తెలియజేశాను.

"రబ్బరు చెప్పులేసుకోని పట్టుకుంటే ఏం తెలుస్తుంది?"

స్నానాలగదిలోకి చెప్పులతో వెళ్ళడం ఆరోగ్యసూత్రమనీ, దాన్ని నేను ఎప్పటినుంచో పాటిస్తున్నాననీ వివరించాను. ఆమె కాసేపు నా వైపు చూసి, జడ పిండుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. పరిశీలన ముగిసింది. ఫిర్యాదు నిరాధారమని తేలింది.

నవంబరు 11

మళ్ళీ అదే ఫిర్యాదు. ఈసారి మోచేతి దాకా పాకిందంటోంది. నరేంద్రబాబు రొయ్యల మేత బస్తాలు దింపించడానికి వచ్చి ఉన్నాడు. విషయం అతని దృష్టికి తెచ్చాను.

"చెరువు కాడ రోజూ కొడతది బావా. మాకు అలవాటే. మా చెరువు కాపలా చెంచురామయ్య అయితే తడి తెడ్డుతో ఏరేటర్‌ని తాకి, ఈ రోజు కరెంటు ఎంత ఉండాదో చెప్తాడు."

"నేను చెంచురామయ్యని కాదురా," అంది ఉషారాణి.

"అక్కా, ఆ కొంచెం చురుక్కుమంటే ఒళ్ళు నొప్పులు పోతాయిలే."

అందరూ నవ్వారు. అందరూ అని రాశాను. ఇద్దరం నవ్వాం.

నవంబరు 12

ఈ ఉదయం కుళాయి విషయం ప్రస్తావనకు రాలేదు. సమస్య పరిష్కృతమైనట్టు భావించడమైనది.

నవంబరు 14

నేను వరండాలో దినపత్రిక చదువుతుండగా స్నానాలగదిలో బకెట్టు దొర్లిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. నీళ్ళు మాత్రం పడుతూనే ఉన్నాయి.

తలుపుకు లోపల గడియ పెట్టలేదు. గడియ పెట్టకపోవడం ఆమె అలవాటు కాదు. ఉషారాణి గోడ వారగా పడి ఉంది. కుడిచెయ్యి కింద మడతబడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను గుర్తించడానికి కొంత వ్యవధి పట్టింది. నేను చెయ్యి అందించబోయాను.

"ముందు స్విచ్ ఆపండి," అంది.

ఆపాను. ఆపినట్టు నమోదు చేస్తున్నాను. ఎందుకు ఆపానో నమోదు చెయ్యడం లేదు.

నరేంద్రబాబు కారు తెచ్చాడు. ఉషారాణి వెనక సీట్లో చేతిని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నెల్లూరు పొలిమేర వచ్చాక అతను అద్దంలో అక్క వైపు ఒకసారి చూసి, నాతో గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బావా, ఆస్పత్రిలో కరెంటు అనబాకు. అంటే కేసు రాస్తారు. కేసు రాస్తే కరెంటోళ్ళు వస్తారు. తీగ చూసినారంటే చెరువు లైను మొత్తం పీకేస్తారు. పట్టుబడి దగ్గరికొచ్చింది. ఒక్క రోజు ఏరేటర్లు ఆగినా పంటంతా పోతది. అక్క కోసం నేను ఏమైనా చేస్తా, నీకు తెలుసు. ఈ ఒక్క మాట."

పట్టుబడి అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు. ఆ చెరువుల మీద అతను ఎంత తెచ్చి పెట్టాడో, ఎవరి నగలు పెట్టాడో నాకు తెలుసు. ఆ నగల్లో ఉషారాణివి కూడా ఉన్నాయి. కాబట్టి ఈ వినతిని ప్రజాప్రయోజనంగా పరిగణించే వీలుంది.

ఆస్పత్రిలో ఉన్నది డాక్టర్ ప్రత్యూష అనే చిన్న వయసు అమ్మాయి. ఎక్స్‌రే చూసి, "మణికట్టు విరిగింది. ఎలా పడ్డారమ్మా?" అని అడిగింది.

ఉషారాణి నా వైపు చూసింది.

"బాత్రూంలో జారిపడింది," అన్నాను.

చాలా సులువుగా వచ్చింది ఆ మాట. ముప్పై ఏళ్ళుగా పాఠం చెప్పే గొంతు కనుక స్పష్టంగా కూడా వచ్చింది. డాక్టరు రాసుకుంది. కట్టు వేస్తున్నంతసేపూ ఉషారాణి ఏమీ మాట్లాడలేదు. నొప్పి వల్ల కావచ్చు.

నవంబరు 15

పక్కింటి ఆదిశేషమ్మ గారు పరామర్శకు వచ్చారు. చేతిలో ఒక సంచి.

"బాత్రూంలో పాచి పట్టనిస్తే ఇట్నే అవతది ఉషా. మీ నరేంద్రబాబు కాడ చెరువుకేసే బ్లీచింగు ఉంటే అడిగి తెచ్చినా. రెండు దోసిళ్ళు చల్లి కడిగించు. ఉద్యోగం ఉద్యోగమే, ఇల్లు కూడా చూసుకోవాల గదమ్మా."

ఉషారాణి స్నానాలగదిని వారానికి రెండుసార్లు స్వయంగా కడిగే మనిషి. ఆ నేల మీద అన్నం పెట్టుకుని తినవచ్చు. ఆమె సంచి వైపు చూసింది, నా వైపు చూసింది. నేను ఆదిశేషమ్మ గారికి కుర్చీ వేశాను.

నవంబరు 16

ద్వితీయ సంవత్సరం వారికి జవాబుదారీతనం పాఠం చెప్పాను. బాగా చెప్పానని విద్యార్థులు అన్నారు.

నవంబరు 17

ఉషారాణి వాళ్ళ అక్క కామాక్షి దగ్గరకు, బోగోలు వెళ్ళింది. ఎడమచేత్తోనే బట్టలు సర్దుకుంది. సాయం చేస్తానంటే వద్దంది.

"నిజం నువ్వే చెప్పి ఉండవచ్చు కదా డాక్టరుతో," అన్నాను, సంచి జిప్పు పెట్టడానికి ఆమె పడుతున్న పాట్లు చూస్తూ.

"నేను చెప్తే నా తమ్ముడి మీద నేను చెప్పినట్టు. మీరు చెప్తే జరిగింది చెప్పినట్టు." జిప్పు పడింది. "ఊరంతా నా ఇల్లు పాచి పట్టిందంటా ఉంది. నాకు దానికంటే, మీరు ఎంత తొందరగా అన్నారో అది తట్టుకోలేకుండా ఉండా. నేనింకా నోరు తెరవలేదండీ."

ఎప్పుడు వస్తావని అడిగాను.

"ఏమో."

నవంబరు 18

ఉషారాణి గాలి మార్పు కోసం బోగోలు వెళ్ళి ఉంది. అక్కడా సముద్రమే, ఇక్కడా సముద్రమే. అయినా మార్పు మార్పే.

నవంబరు 21

గీజరును కిందికి దింపించాను. మరమ్మతు వృథా, మార్చడమే మేలని ముందే నిశ్చయించుకున్నాను. పాతదాన్ని విప్పి చూడవలసిన అవసరం లేదు. పెంచలకృష్ణ అడక్కుండానే విప్పాడు.

అడుగు తుప్పుపట్టి చిల్లులు పడింది. నీళ్ళు కాచే కాయిల్ మీద ఉప్పు మందంగా గడ్డకట్టి, పైతొడుగు నిలువునా చీలి, లోపలి తీగ బయటపడి ఉంది. తుప్పును తన మీదికి తీసుకోవడానికి లోపల ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుందట. దాన్ని అప్పుడప్పుడూ మార్చాలట. కడ్డీ ఉండవలసిన చోట దారంలాంటి తీగ ఒకటి వేలాడుతోంది.

"ఇదంతా నేను ఆ రోజే అనుకున్నా సార్," అన్నాడు పెంచలకృష్ణ.

"ఆ రోజు నువ్వు దీన్ని విప్పలేదు కదా."

"విప్పలేదు సార్. అనుకున్నా." కాయిల్‌ను వెలుతురులో తిప్పి చూశాడు. "తీగ నీళ్ళలోనే ఉండాది. నీళ్ళు ఉప్పు. కరెంటు నేరుగా కుళాయి దాకా వచ్చేస్తది. ట్రిప్పర్ అందుకే పడతా ఉండింది పాపం."

పాపం అన్నది ట్రిప్పర్‌ను ఉద్దేశించి.

ఇది సాంకేతిక లోపం. మానవ ప్రమేయం లేదు. ఈ వాక్యాన్ని రెండోసారి చదివాను. ఉంచుతున్నాను.

నవంబరు 25

కొత్త గీజరు వచ్చింది. దాన్ని ఇంటి బోర్డుకే కలపాలనీ, ట్రిప్పర్ ఉండాలనీ, పెరట్లో గొయ్యి తీసి ఎర్తు వేయాలనీ ఆదేశించాను.

ఎర్తు గోతిలో బొగ్గూ ఉప్పూ వేస్తారట. పెంచలకృష్ణ గడ్డపార దింపి, మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. "బొగ్గు చాలు సార్. మీ నేలకి ఉప్పు కొని వేసే పని లేదు."

నరేంద్రబాబు గోడ అవతల నిలబడి చూస్తున్నాడు. "బావా, ఈ తతంగమంతా ఎందుకు? మా లైను ఉండాది గదా."

"ముందుజాగ్రత్త."

"జారినదానికి ఎర్తు ఎందుకు బావా?"

అతను నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. గొయ్యి తవ్వకం కొనసాగింది. పాత తీగ గీజరు నుంచి విప్పారు కానీ గోడ మీదనే వేలాడుతూ ఉంది. దాన్ని తీయమని నేను చెప్పలేదు. తీస్తానని అతనూ అనలేదు.

నవంబరు 26

నీళ్ళు బాగా కాగుతున్నాయి. ఎవరూ పోసుకోలేదు. నేను చన్నీళ్ళు పోసుకున్నాను.

డిసెంబరు 1

కామాక్షి ఫోను.

"ఏం మరిదీ, బాగుండావా? నీళ్ళు కాగతా ఉండాయా?"

కొత్త గీజరు వివరాలు చెప్పబోయాను.

"అది ఉండనీలే. ఉషకి గుండె దడగా ఉంటా ఉంది. కూర్చోని కూర్చోనే చెయ్యి గుండె మీద పెట్టుకుంటది. అడిగితే ఏం లేదంటది. నిన్న మెట్లెక్కతా మధ్యలో కూలబడింది. ఇక్కడ డాక్టరుకి చూపిద్దామంటే, ఏమని చెప్పాల? చెయ్యి విరిగిందంటే ఎట్ట విరిగిందంటాడు. నువ్వేమో జారిందని చెప్పొచ్చినావు. జారిన మనిషికి గుండె ఎందుకు చూస్తాడు?"

"నువ్వు చెప్పవచ్చు కదా వదినా."

"వాడు నాకూ తమ్ముడే మరిదీ. వాణ్ణి చంకనేసుకోని తిరిగిందాన్ని." మళ్ళీ తనే అందుకుంది. "నెల్లూరు ఆస్పత్రికి కట్టు చూపించను రమ్మన్నారంట గదా. వాడే కారు తెస్తాడంట. నువ్వు కూడా రా. మాట్లాడాల్సిన పని ఉంటే అక్కడ మాట్లాడు."

డిసెంబరు 2

పరిశీలనకు వచ్చిన అంశాలు. పట్టుబడి ఈ నెల పదిహేను తర్వాత. అప్పటిదాకా ఆగి చెబితే ఎవరికీ నష్టం లేదు. గుండె దడ బెంగ వల్ల కూడా రావచ్చు. ఇల్లు వదిలి ఉన్నవారికి దడ సహజం. కనుక ఆగడమే

డిసెంబరు 3

పై వాక్యం పూర్తి చేయలేదు. పూర్తి చేయవలసిన అవసరం కనిపించలేదు.

ఈ రోజు తరగతిలో ఒక విద్యార్థిని లేచి, తప్పు జరిగిందని కింది ఉద్యోగి ముందే చెప్పినా పైఅధికారి పట్టించుకోకపోతే బాధ్యత ఎవరిది సార్ అని అడిగింది. ఇది పరీక్షకు వచ్చే ప్రశ్న కాదని చెప్పాను.

డిసెంబరు 5

నరేంద్రబాబు బోగోలు వెళ్ళి ఉషారాణిని తీసుకుని ఆస్పత్రికి వచ్చాడు. నేను కళాశాల నుంచి నేరుగా వెళ్ళాను. ఆమె చిక్కింది. నన్ను చూసి, "తిన్నారా?" అని అడిగింది. తిన్నానన్నాను. తినలేదు.

డాక్టర్ ప్రత్యూష కట్టు చూసింది, వేళ్ళు కదిలించమంది. బాగా అతుక్కుంటోందని చెప్పింది. "ఇంకేమన్నా ఇబ్బంది ఉందామ్మా?"

"అప్పుడప్పుడూ గుండె దడదడమంటా ఉంది," అంది ఉషారాణి.

"పడినప్పటి భయం ఇంకా ఉండి ఉంటుంది. నీరసం కూడా ఉంది. టానిక్ రాస్తాను." రాయడం మొదలుపెట్టింది.

ఉషారాణి నా వైపు చూడలేదు. గోడ మీద పెద్దవీ చిన్నవీ అక్షరాలున్న కంటిపరీక్ష పట్టీ ఒకటి ఉంది. దాన్ని పైనుంచి కిందికి చదువుతోంది. తలుపు దగ్గర నరేంద్రబాబు దగ్గాడు.

"ఆమె జారలేదు," అన్నాను. "కరెంటు కొట్టింది. గీజరు నుంచి కుళాయికి వచ్చింది. అంతకు కొన్ని రోజుల ముందు నుంచే కొడుతోందని చెబుతూ వచ్చింది."

డాక్టరు కలం ఆపింది. "జారిందని చెప్పింది మీరే కదా సార్?"

"నేనే."

"ఎందుకు?"

"అక్కడ చెరువు లైను..." అని మొదలుపెట్టాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. అర్థం కావలసిన విషయమూ కాదు. "చెప్పలేదు," అన్నాను.

"కరెంటు కొట్టిన మనిషికి ఆ రోజే ఈసీజీ తియ్యాలండి. గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. పడి స్పృహ తప్పి ఉంటే ఒక రోజు ఇక్కడే ఉంచి చూసేవాళ్ళం. మీరు జారిందన్నారు కాబట్టి నేను చెయ్యి ఒక్కటే చూశాను." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కొంత బాగుండేది.

ఉషారాణిని లోపలికి తీసుకెళ్ళారు. తలుపు వేశారు. నరేంద్రబాబు నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"పట్టుబడి దాకా ఆగి ఉండచ్చు గదా బావా," అన్నాడు చివరికి.

"నువ్వు లోపల డాక్టరు చెప్పింది విన్నావా?"

"విన్నా." అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. "నాకు తెలవదు బావా. మాకు రోజూ కొడతా ఉంటది. కొడితే మనిషికి గుండెకి అవతదని మాకెవురు చెప్పినారు."

ఈసీజీలో ప్రస్తుతానికి పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. అక్కడక్కడా ఒక కొట్టుడు ముందుగా వస్తోందట. గుండె డాక్టరుకు చూపించి, గుండె లయను నమోదు చేసే మిషను ఒక రోజు ఒంటికి పెట్టుకుని, మళ్ళీ రావాలి. ముందే చూసి ఉంటే అప్పుడే తెలిసేదన్నారు. పెద్ద తేడా ఏమీ లేదు అన్న మాటను నేను ఇంకోసారి చెప్పించుకున్నాను.

బయటికి రాగానే నరేంద్రబాబు కారు తాళాలు తీశాడు. "ఇప్పుడు కరెంటోళ్ళు వస్తే నా బతుకు రోడ్డున పడినట్టే అక్కా."

"రేపే చెరువు పట్టించుకో రా," అంది ఉషారాణి. "సైజు రాలేదని ఆగబాక. వచ్చిన కాడికి వస్తది."

"నీకేం, మాటలు చెప్తావు."

"నా గాజులు కూడా ఆ చెరువులోనే ఉండాయి గదరా. ఉత్త మాట కాదు అది."

అతను కారెక్కి వెళ్ళిపోయాడు. మేమిద్దరం బస్టాండుకు ఆటోలో వెళ్ళాం. బోగోలు మీదుగా పోయే కావలి బస్సు ఒకవైపు, మైపాడు బస్సు ఒకవైపు నిలబడి ఉన్నాయి. ఏ బస్సు ఎక్కాలో నేను ప్రతిపాదించలేదు.

"మీరు ఎప్పుడు చెప్పాలనుకున్నారు?" అని అడిగింది.

"పట్టుబడి అయ్యాక."

"అప్పటికి నేనుంటే."

కండక్టరు మైపాడు, మైపాడు అని అరుస్తున్నాడు. ఆమె సంచి నా చేతికిచ్చి ఆ బస్సు వైపు నడిచింది. "సోమవారం నుంచి బడికి పోవాల. ఎడమచేత్తో రాస్తే పిల్లకాయలు నవ్వుతారేమో," అంది కిటికీ పక్కన కూర్చుంటూ. నాతో అన్నదా, తనలో తాను అనుకున్నదా తేల్చుకోలేకపోయాను.

డిసెంబరు 7

నిన్న తెల్లవారగానే నరేంద్రబాబు చెరువు పట్టించాడు. రొయ్యలు చిన్నవిగానే ఉన్నాయట. లారీ వెళ్ళాక గోడ మీది తీగను కోసి, చుట్టగా చుట్టి, మా గేటు లోపల పడేసి పోయాడు. పలకరించలేదు. మధ్యాహ్నం ఒక బకెట్టు నిండా రొయ్యలు పంపించాడు. వాటినీ కోపంగానే పంపించినట్టున్నాడు, మూత లేదు.

ఆదిశేషమ్మ గారింటికి వెళ్ళాను. ఉషారాణి జారలేదనీ, మా స్నానాలగదిలో పాచి లేదనీ, కరెంటు కొట్టిందనీ, అది కొడుతోందని ఆమె ముందే చెప్పినా నేను వినలేదనీ నిలబడే చెప్పాను. ఆవిడ అంతా విని, "మరి ఆ బ్లీచింగు వాడేసినారా?" అని అడిగారు. తిరిగి ఇచ్చేశాను.

సంబంధిత అధికారులకు తెలియజేయునది: కేసు రాయడానికి గానీ, లైను పీకడానికి గానీ, ఏ శాఖ నుంచీ ఎవరూ రాలేదు. ఆస్పత్రి కాగితం మీద డాక్టరు ఒక మాట కొట్టివేసి ఇంకో మాట రాసింది, అంతే. మీకు భయపడి నేను అన్న మాట మీ దాకా చేరనే లేదు. అది డాక్టరు దగ్గర, ఉషారాణి దగ్గరే ఆగింది.

సాయంత్రం ఉషారాణిని స్నానాలగది గుమ్మం దాకా తీసుకెళ్ళి కొత్త గీజరు చూపించాను. ఎర్తు గురించి, ట్రిప్పర్ గురించి, ఏటేటా మార్చవలసిన కడ్డీ గురించి వివరించాను. ట్రిప్పర్ మీది పరీక్ష బటన్ నొక్కి, అది ఠక్కున పడడం చూపించాను. ఆమె గుమ్మం ఇవతలే నిలబడి అంతా విన్నది.

"అంతా సరిగ్గా ఉంది," అన్నాను.

"అప్పుడూ సరిగ్గానే ఉందన్నారు."

ఆమె బోగోలు నుంచి తెచ్చిన సంచి ముందుగదిలో గోడకు ఆనించి ఉంది, ఇంకా విప్పలేదు. విప్పమని అడగడానికి నాకున్న అధికారం ఏపాటిదో తెలియక ఊరుకున్నాను.

"ఈ మిషన్ల సంగతి నాకెందుకండీ. మిషను మళ్ళీ చెడుతుంది, ఈ నీళ్ళకి చెడకుండా ఉంటుందా. ఎటూ పొద్దస్తమానం ఏదో ఒకటి రాస్తా ఉంటారు గదా. ఒకటి రాసుకోండి. నేను సంతకం పెడతా."

పుస్తకం తెచ్చాను. క్రింది పాఠం ఆమె చెప్పగా నేను రాసినది. ఒక్క మాట కూడా మార్చలేదు. అడుగున ఉన్న సంతకం ఆమె ఎడమచేతితో చేసినది కనుక బ్యాంకులో ఉన్న నమూనాతో సరిపోలదు. అయినా అది ఆమెదేనని ధ్రువీకరిస్తున్నాను. అమలు, ఈ క్షణం నుంచే. అప్పీలు లేదు.

డిమాండ్ నం. 1: నేను కొడతా ఉందంటే మీరు చూస్తానని అనగూడదు. ముందు ఆపాల. ఆపినాక మీ ఇష్టం, ఎంతసేపన్నా చూసుకోండి.